ఏ హోటల్‌కు ఆ తృప్తి

హోటల్‌లో తినేవారి తృప్తి రుచి ఒక్కదానితోనే తేలదు. ఏం ఆశించి లోపలికి వచ్చారు, ఏం దక్కింది అన్న రెండింటి మధ్య తేడాయే దాన్ని నిర్ణయిస్తుందని అమెరికా మార్కెటింగ్ ఆచార్యుడు రిచర్డ్ ఆలివర్ 1980లో సిద్ధాంతీకరించారు. హోటల్ రకాన్ని బట్టి ఆశ మారుతుంది. ఒకచోట చెల్లిపోయే లోపం మరోచోట చెల్లదు.

వేడి, వేగం

టిఫిన్ సెంటర్‌లో నిలబడి తినాల్సి వచ్చినా ఎవరూ నొచ్చుకోరు. దోశ పెనం మీంచి నేరుగా ప్లేటులోకి రావాలి, అడిగితే చట్నీ మళ్లీ వేయాలి, నిన్నటి రుచే ఇవాళా ఉండాలి. ఆఫీసుకు, కాలేజీకి పరుగెత్తేవారికి ఆలస్యమే పెద్ద లోపం. హైదరాబాద్ ఇరానీ కేఫ్‌లో పద్ధతి వేరు. ఒక చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లతో ఎంతసేపు కూర్చున్నా లేపకపోవడమే అక్కడి మర్యాద.

వడ్డన

భోజన హోటల్‌లో మారు వడ్డన ధరలోనే కలిసి ఉంటుంది. కాకినాడ సుబ్బయ్య హోటల్‌కు పేరు తెచ్చినవాటిలో వంటకాలతోపాటు కొసరి కొసరి వడ్డించే తీరు కూడా ఉంది. విస్తరి ఖాళీ అయ్యాక పిలిచినా సర్వర్ పలక్కపోతే, కూరలెంత బాగున్నా తిన్నట్టుండదు. బిర్యానీ హోటల్‌లో వడ్డన కన్నా సరుకు ముఖ్యం. మెతుకు విడివిడిగా ఉండాలి, ముక్క ఉడకాలి, మసాలా అడుగుదాకా పట్టాలి. హండీ దమ్ మీద ఉందంటే కాసేపు ఆగుతారు, అయిపోయిందంటే నిరాశపడతారు.

నిరీక్షణ, బిల్లు

ఏసీ ఫ్యామిలీ రెస్టారెంట్‌లో ధరతోపాటు ఆశల జాబితా కూడా పెరుగుతుంది. మాట వినిపించేంత ప్రశాంతత, శుభ్రమైన టాయిలెట్, వంటకం గురించి చెప్పగల సర్వర్ కావాలి. టేబుల్ కోసం ఆగాల్సి రావచ్చు కూడా. ఖాళీగా గడిపే సమయం, ఎంతసేపో తెలియని నిరీక్షణ మరింత దీర్ఘంగా అనిపిస్తాయని మేనేజ్‌మెంట్ నిపుణుడు డేవిడ్ మైస్టర్ 1985లో రాశారు. టేబుల్ దొరక్కముందే మెనూ చేతికిచ్చినా, ఇంకెంతసేపో నిజం చెప్పినా చిరాకు తగ్గుతుంది.

చివర్లో వచ్చే బిల్లు అంతవరకూ కలిగిన తృప్తిని చెరిపేయగలదు. అడక్కుండా సర్వీస్ చార్జీ కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలిచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది.

పార్సిల్

ఇంటికి తెప్పించుకునే భోజనంలో సర్వర్ మర్యాదకు, హాలు అందానికి చోటు లేదు. సాంబారు కారకూడదు, దోశ మెత్తబడకూడదు, చెప్పిన ఐటమ్ ఏదీ తగ్గకూడదు. ఆవిరికి మెత్తబడే వంటకాన్ని పార్సిల్ మెనూ నుంచి తీసేయడం కూడా మంచి సేవే.

అన్నిచోట్లా ఒకటే

శుభ్రత అన్ని హోటళ్లకూ ఉమ్మడి షరతు. అది ఉంటే ఎవరూ ప్రత్యేకంగా మెచ్చుకోరు, లేకపోతే మళ్లీ రారు. పొరపాటును దిద్దే తీరు కూడా అలాంటిదే. చల్లారిన ఇడ్లీని వాదించకుండా మార్చి ఇస్తే కస్టమర్ నిలుస్తాడు. దీనికి చిన్న బండి అయినా, పెద్ద రెస్టారెంట్ అయినా పెట్టే ఖర్చు ఒక ప్లేటే.