గాలి తుపాకికి సీసపు గుండు: ఎన్నిక, పరీక్ష

బొంబాయి గవర్నరుగా 1835 నుండి 1838 వరకు ఉండిన సర్ రాబర్ట్ గ్రాంట్ పేరు గ్రాంట్ రోడ్డునకు నిలిచినది. ఆ స్టేషనుకు ఒక వైపున కామాఠీపురా కలదు. నిజాము రాజ్యమునుండి కట్టడపు పనులకై వచ్చి నగర నిర్మాణమునకు తమ చెమట నొడ్డిన కామాటీల పేరే ఆ పేటకు పేరైనది. వేరొక వైపున, నడచి పోదగిన దూరమున, గిర్గాం చౌపాటి సముద్రతీరము కలదు. ఆ ఇసుకలో బల్లకు కట్టిన రంగుబుడగలను గాలి తుపాకితో పేల్చుట నగరవాసులకు చిరపరిచితమైన వినోదము. తెలుగు చాళ్లలో పెరిగిన పెక్కుమంది చేతికి మొదట వచ్చిన తుపాకి అదియే.

ఆ బల్ల యెదుట నిలుచున్నవాడు గుండును గూర్చి ఆలోచింపడు. బుడగ వెడల్పు జానెడు. దూరము కొలది గజములు. గొట్టమున దూరిన ఏ సీసపు ముక్కయైనను దానిని పేల్చును. అందుచే బుడగ పగులుట గుండునకు పరీక్ష కాదు. వినోదము విడిచి గురి అభ్యసింపదలచినవానికి మాత్రము మొదటి ప్రశ్న గుండును గూర్చినదే యగును. ఇటీవలి కాలమున స్లగ్ అను కొత్తరకపు గుండు పేరు పొందుటచే ఈ ప్రశ్న మరింత చిక్కుపడినది. బరువైన గుండు మేలైనదనియు, వెల హెచ్చైనది గురి తప్పదనియు వ్యాపించిన నమ్మకము ఎంతవరకు నిజమో విచారించుట ఈ వ్యాసోద్దేశము.

రెండు రూపములు

గాలి తుపాకులలో తరతరములుగా వాడుకలోనున్న గుండు పెల్లెట్. దాని ఆకారము బుడబుక్కలవాని ఢక్కిని పోలియుండును. ముందు తల, నడుమ సన్నని నడుము, వెనుక లోపల బోలైన పావడవంటి అంచు. గాలి వెనుకనుండి తోసినపుడు ఆ పలుచని అంచు విచ్చుకొని గొట్టపు గోడలకు అంటుకొనును. గాలి ప్రక్కలనుండి జారిపోదు. తలయు, అంచును మాత్రమే గొట్టమును తాకుటచే రాపిడి తక్కువ. గొట్టమును విడిచిన పిదప వెడల్పైన అంచు గాలి నిరోధమునకు లోనై గుండును వెనుకకు లాగుచు, తల ముందుండునట్లు కాపాడును. గాలిపటమునకు తోక చేయు పనిని పెల్లెట్‌కు ఈ అంచు చేయుచున్నది. అందుకు ప్రతిఫలముగా వేగము త్వరగా తగ్గిపోవును.

స్లగ్‌కు నడుము లేదు. అది చిన్న తూటావలె నిండైన స్తంభాకారము కలది. కొన్నింటికి ముందో వెనుకనో చిన్న గుంట యుండును. ఒకే రంధ్రమునకు చేసిన పెల్లెట్ కంటె ఇది సామాన్యముగా బరువెక్కువ. గాలిని తేలికగా చీల్చుకొనిపోవుటచే దూరమున గూడ వేగమును నిలుపుకొనును. ప్రక్కగాలికి తక్కువ కొట్టుకొనిపోవును. స్లగ్ గొప్పతనమంతయు ఇక్కడనే యున్నది. కాని దానిని నిలుపుటకు తోకవంటి అంచు లేదు. బొంగరము తిరుగుచున్నంతసేపే నిలుచునట్లు స్లగ్ తన భ్రమణముచేతనే నిలువవలెను. ఆ భ్రమణము నిచ్చునది గొట్టము లోపలి మరచాళ్లు.

మరచాళ్లును, గుండు పొడవును

మరచాళ్లు ఎంత పొడవున ఒక చుట్టు తిరుగునో ఆ కొలత మిక్కిలి ముఖ్యమైనది. ఆంగ్ల గణితవేత్త గ్రీన్‌హిల్ 1879లో సీసపు గుండ్లకు ఒక సులభమైన అంచనా సూత్రము నిచ్చెను. గుండు వ్యాసమును దానితోనే హెచ్చించి, ఫలితమును 150చే హెచ్చించి, గుండు పొడవుచే భాగించినచో కావలసిన చుట్టు పొడవు వచ్చును. వ్యాసము 4.5 మిల్లీమీటర్లు, పొడవు 6 మిల్లీమీటర్లు అయినచో చుట్టు సుమారు 506 మిల్లీమీటర్లు. గుండు పొడవు 9 మిల్లీమీటర్లైనచో చుట్టు సుమారు 337 మిల్లీమీటర్లుగా నుండవలెను.

పెల్లెట్లకై చేసిన గొట్టములలో 450 మిల్లీమీటర్ల ప్రాంతపు చుట్టు సాధారణము. ఇట్టి గొట్టము నుండి 6 మిల్లీమీటర్ల స్లగ్ నిలుకడగా పోవచ్చును. 9 మిల్లీమీటర్ల స్లగ్‌కు అందు తగిన భ్రమణము దొరకదు. అది దారిలో తలక్రిందులై దొర్లుచు గురి అట్టపై గుండ్రని రంధ్రమునకు బదులు కోలగా చీలిన రంధ్రమును చేయును. సూత్రము అంచనా మాత్రమే; అట్టపై రంధ్రము తిరుగులేని సాక్ష్యము. కోల రంధ్రము ఒక్కటి కనబడినను ఆ స్లగ్ ఆ గొట్టమునకు తగినదో కాదో అనుమానింపవలెను. మరల మరల కనబడినచో విడిచిపెట్టవలెను.

వ్యాసము విషయమునను ఇట్టి పట్టింపే కలదు. స్లగ్ శరీరమంతయు గొట్టమును తాకును గనుక వెంట్రుకవాసి బిగువైనను రాపిడి పెరిగి వేగము పడిపోవును. వదులైనచో గాలి జారిపోవును. మిల్లీమీటరులో నూరవవంతు తేడాతో 4.49, 4.50, 4.51 అని తల కొలతలు గుర్తించి పెల్లెట్లను అమ్ముటకు కారణము ఇదియే.

చట్టపు హద్దు

భారతదేశమున కొనువాడు చట్టమును గూడ లెక్కింపవలెను. 1959 నాటి ఆయుధముల చట్టము క్రింద 1962లో ఏర్పడిన నిబంధనల కాలమున గాలి తుపాకికి కఱ్ఱపలక పరీక్ష యుండెను. దగ్గరనుండి కాల్చిన గుండు అంగుళము మందము గల మెత్తని కఱ్ఱను దాటిపోరాదు. 2016 నాటి నిబంధనలు ఈ హద్దును శక్తిరూపమున నిర్ణయించినవి. గొట్టపు మూతి వద్ద శక్తి 20 జౌళ్లకు గాని, రంధ్రము 4.5 మిల్లీమీటర్లకు గాని మించినచో లైసెన్సు కావలెను. 5.5 మిల్లీమీటర్ల తుపాకి ఎంత బలహీనమైనదైనను ఈ లెక్కకు వచ్చును.

ఈ హద్దు స్లగ్ ఎన్నికపై నేరుగా ప్రభావము చూపుచున్నది. ఒక గ్రాము బరువు గల గుండు సెకనుకు 200 మీటర్ల వేగముతో పోయినచో దాని శక్తి సరిగా 20 జౌళ్లు. 4.5 మిల్లీమీటర్ల వ్యాసము, 6 మిల్లీమీటర్ల పొడవు గల నిండు స్లగ్ సుమారు ఒక గ్రామే తూగును. కావున లైసెన్సు లేని తుపాకిలో అంతకు మించిన వేగమును ఆశింపరాదు. సామాన్యమైన స్ప్రింగు తుపాకులు ఆ హద్దునకు చాల దిగువనే యుండును. స్లగ్ తన గొప్పతనమును చూపుటకు నిల్వయుంచిన అధిక పీడనపు గాలితో పనిచేయు బలమైన తుపాకి కావలెను.

దూరమును బట్టి లెక్క

ఒక తుపాకి 12 జౌళ్ల శక్తి నిచ్చుననుకొందము. ఒక గ్రాము స్లగ్ సెకనుకు 155 మీటర్ల వేగముతోను, 0.53 గ్రాముల పెల్లెట్ 213 మీటర్ల వేగముతోను బయలుదేరును. గాలి నిరోధమును లెక్కింపనిచో, 10 మీటర్ల దూరమున స్లగ్ గొట్టపు రేఖకు 2 సెంటీమీటర్లు దిగువకును, పెల్లెట్ 1.1 సెంటీమీటర్లు దిగువకును పడును. 25 మీటర్ల వద్ద ఈ పతనము స్లగ్‌కు 12.7 సెంటీమీటర్లు, పెల్లెట్‌కు 6.8 సెంటీమీటర్లు. నిరోధమును లెక్కించినచో పెల్లెట్ అంకె కొంత పెరుగును. ఈ దూరములలో స్లగ్‌ను మించదు. అనగా సామాన్య తుపాకికి, సామాన్య దూరమునకు బరువైన గుండు వలన లాభము కంటె నష్టమే హెచ్చు.

ఒలింపిక్ క్రీడలలో 1984 నుండి జరుగుచున్న 10 మీటర్ల గాలి రైఫిల్ పోటీ ఈ విషయమును బలపరచును. ఆ పోటీలో 4.5 మిల్లీమీటర్ల రంధ్రము, సీసము లేక దానివంటి మెత్తని పదార్థము అను నియమములేగాని గుండు ఆకారమునకు నిషేధము లేదు. అయినను పోటీకాండ్రు బల్లపరపు తల గల పెల్లెట్‌నే కోరుదురు. అది కాగితముపై గుండ్రని అంచుతో రంధ్రము కోయును. గురి చుక్క వ్యాసము అర మిల్లీమీటరే గనుక లెక్క తేటగా తెలియవలెను. 2008లో బీజింగున అభినవ్ బింద్రా స్వర్ణపతకమును, హైదరాబాదున పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండనున 701.1 పాయింట్లతో కాంస్యపతకమును పొందినది ఈ పోటీలోనే.

పరీక్షా విధానము

ఇన్ని లెక్కలు చేసినను చివరి తీర్పు గొట్టమునదే. ఒకే కార్ఖానాలో ఒకేనాడు తయారైన రెండు తుపాకులు గూడ ఒకే గుండును సమముగా ఆదరింపవు. కావున పెద్ద మొత్తమున కొనుటకు ముందు నాలుగైదు రకముల చిన్న డబ్బాలను తెచ్చి పరీక్షించుట పొదుపు. నెల జీతముపై బ్రతుకు కుటుంబమునకు ఇది చిన్న విషయము కాదు.

మొదట చేయవలసినది ఏరుట. అంచు నలిగినవి, సొట్టపడినవి, సీసపు పొట్టు అంటినవి తీసివేయవలెను. గాజుపలకపై దొర్లించినచో వంకర తెలియును. సన్నని త్రాసున్నచో తూచి, బరువులో వేరుపడినవానిని ప్రక్కన పెట్టవలెను. పిదప గొట్టమును శుభ్రపరచి, రకము మార్చినపుడెల్ల పది ఇరువది గుండ్లను లెక్కలోనికి తీసికొనక కాల్చవలెను. క్రొత్త సీసపు పూత గొట్టమున కుదిరిన తరువాతనే నిజమైన ఫలితము కనబడును.

తుపాకిని ఇసుక సంచిపై ఆనించి, గాలి కదలనిచోట, నిజముగా అభ్యసింపదలచిన దూరమునుండియే కాల్చవలెను. స్ప్రింగు తుపాకిని బిగించి కట్టరాదు. దాని పిస్టన్ కదలికచే గుండు బయటపడకముందే తుపాకి అదరును. సంచికిని తుపాకికిని నడుమ అరచేయి మెత్తగా నుంచుట మేలు.

అన్నము ఉడికినదో లేదో ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునందురు. గుండ్ల విషయమున ఈ సామెత చెల్లదు. మూడు గుండ్లు ఒకే రంధ్రమున పడుట కాకతాళీయము గావచ్చును. ఒక్కొక్క రకమునకు ఐదేసి గుండ్ల గుంపులు ఐదు కాల్చి సగటు తీయవలెను. ఒక రకమంతయు ముగించి మరొకటి మొదలుపెట్టినచో చేయి అలసట చివరి రకముపై పడును. గుంపుగుంపునకు రకము మార్చుచు పోయినచో ఆ దోషము అన్నింటికి సమముగా పంచబడునుగాని, మార్చినపుడెల్ల పూత కుదురుటకు తగినన్ని గుండ్లను విడిగా కాల్చుట మరువరాదు. గుంపులో దూరదూరముగా నున్న రెండు రంధ్రముల వెలుపలి అంచుల నడిమి కొలతనుండి ఒక రంధ్రపు వ్యాసమును తీసివేసినచో గుంపు వెడల్పు వచ్చును. వెలుపలి కొలత 12.5 మిల్లీమీటర్లు, రంధ్రము 4.5 అయినచో గుంపు 8 మిల్లీమీటర్లు. చెడిన గుంపును దాచి మంచిదానిని మాత్రమే లెక్కించువాడు తన్ను తానే మోసగించుకొనును.

ఇచట ఒక భేదమును గుర్తింపవలెను. గుంపు నడిచుక్కకు దూరమున పడుట గుండు దోషము కాదు. గురిముక్కను సర్దినచో అది చోటికి వచ్చును. గుంపు చెదరుటను మాత్రము ఏ సర్దుబాటును మాన్పజాలదు. కావున చుక్కను తాకిన రకమును గాక, గుంపు చిన్నదైన రకమును ఎన్నుకొనవలెను. ఎన్నిక ముగిసిన పిదప వీలైనంతవరకు అదే తయారీ సంఖ్య గల డబ్బాలను కొనవలెను. అచ్చు మారినచో పరీక్ష మరల చేయవలసినదే.

చాలు వసారా రంగము కాదు

స్లగ్ గుణమే దాని ప్రమాదము. వేగమును దూరమువరకు నిలుపుకొను గుండు, గురి తప్పినపుడు గూడ ఆ వేగమును నిలుపుకొనును. పది ఇండ్లకు ఒకే వసారా, వసారాలో పిల్లల ఆట, ఎదుటి చాలు కిటికీ చేరువ: ఇట్టిచోట తుపాకిని పరీక్షించుటకు తావు లేదు. పెల్లెట్‌యైనను కంటిని పోగొట్టును. గట్టి గోడను తాకి వెనుకకు మరలును. పావురములను, ఇతర పక్షులను గురిగా పెట్టుకొనుట దయాహీనమే గాక, పెక్కు పక్షుల విషయమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నేరము.

పరీక్షకు తగినచోటు పర్యవేక్షణ గల రంగము. నగరమున వర్లీలో మహారాష్ట్ర రైఫిల్ అసోసియేషన్ వారి రంగము కలదు. గుండును పట్టి నిలుపు వెనుకటి అడ్డు, ఒకరి ఆజ్ఞపై అందరును కాల్చుట, ఆగుట, కంటికి అద్దములు: ఇవి గురికంటె ముందు నేర్వవలసినవి. సీసము విషపదార్థమగుటచే గుండ్లను నోట పెట్టుకొనరాదు; కాల్చిన పిదప చేతులు సబ్బుతో కడుగక తినరాదు; డబ్బాను పిల్లల కందనీయరాదు.

ఇన్నింటిని సమన్వయించి చూచినచో తేలునది ఒక్కటే. చట్టపు హద్దులో నున్న 4.5 మిల్లీమీటర్ల తుపాకితో 10 మీటర్ల వద్ద అభ్యసించువానికి, తన గొట్టమునకు కుదిరిన సామాన్యమైన పెల్లెట్ చాలును. స్లగ్ చెడ్డది కాదు. అది వేరొక గొట్టమునకు, వేరొక బలమునకు, వేరొక దూరమునకు పుట్టినది. దాని వెలకు, పేరుకు లొంగక, ఇరువదియైదు రంధ్రములు చిల్లులు పడిన కాగితమును కొలిచి చూచినవాడు మోసపోడు. చౌపాటి బుడగకు ఏ గుండైనను ఒకటే. అర మిల్లీమీటరు చుక్కకు మాత్రము పరీక్షకు నిలిచిన గుండొక్కటే గుండు.