నెలనెలా కరిగిపోవు ఇనుము

పలకపై అక్షరములు దిద్దు ప్రాయము ఏనాడో దాటిన ఆడపిల్ల, పుస్తకాల సంచిలో బలపములు దాచుకొని చాటుమాటుగా నములుచున్నదనియు, వంటింటిలో బియ్యపు డబ్బా మూత మాటిమాటికిని తీయుచున్నదనియు తెలిసినపుడు, ఆ పిల్లకు లభించునవి చీవాట్లు. ఒక్కొక్క యింట దెబ్బలు కూడను. కాని ఆ వింత కోరిక దురలవాటు కాదు. బలపములు, పచ్చి బియ్యము, మట్టి, మంచుగడ్డ మొదలగువానిని తినవలెనని నోరూరుట, దేహములో ఇనుము తరిగిపోయినదని తెలుపు గుర్తులలో ఒకటి యని వైద్యులు చిరకాలముగా నెరుగుదురు. చాలినంత ఇనుము నిచ్చినచో కొలది దినములలోనో వారములలోనో ఆ కోరిక దానంతటదియే అణగిపోవును. పిల్లను దండించుటకు ముందు తల్లి అడుగవలసిన ప్రశ్న వేరొకటి కలదు: దీనికి నెలసరి ఎన్ని దినము లుండుచున్నది, ఎంత పోవుచున్నది?

ఈ ప్రశ్న నడుగువారు మన యిండ్లలో అరుదు. తల్లికిని అట్లే అగుచుండెను, అమ్మమ్మకును అట్లే అగుచుండెను. కనుక ఆడజన్మ మెత్తినందుకు ఈ మాత్రపు బాధ తప్పదను నిశ్చయ మొకటి తరతరములుగా స్థిరపడిపోయినది. మూడు దినములు దూరముగా కూర్చుండబెట్టు ఆచారము పెక్కు యిండ్లలో సడలిపోయినను, ఆ సంగతి నోరు విప్పి మాటాడకుండుట మాత్రము మిగిలిపోయినది. మరియొకరి అనుభవము వినియెరుగని స్త్రీకి, తనకు పోవునది హెచ్చో తక్కువో తెలియుట ఎట్లు?

ఆరోగ్యవతియగు స్త్రీకి ఒక నెలసరిలో పోవు రక్తము సామాన్యముగా 30 మొదలు 40 మిల్లీలీటర్లు. 80 దాటినచో అది అధిక ఋతుస్రావమని పరిశోధకులు నిర్ణయించిరి. ఇంటిలో దీనిని కొలుచువారు లేరు, కొలువ నక్కరయును లేదు. నేటి వైద్యులు కొలతకన్న ఆమె నిత్యజీవనమునకు కలుగు భంగమునకే హెచ్చు ప్రాధాన్య మిచ్చుచున్నారు. ప్యాడ్ గాని గుడ్డ గాని గంటకో రెండు గంటలకో తడిసి ముద్దయి మార్చవలసివచ్చుట, నడిరేయి లేచి మార్చుకొనుట, పక్కబట్టలు పాడగునను భయముతో రెండేసి ప్యాడ్లు పెట్టుకొనుట, రూపాయి బిళ్ళకంటె పెద్ద గడ్డలు పడుట, ఏడు దినములు దాటినను ఆగకుండుట, ఆ రోజులలో బడికిని, పనికిని, పెండ్లికిని పోవ వెనుదీయుట — వీనిలో ఏది నెలనెలా జరుగుచున్నను వైద్యునకు చెప్పదగిన సంగతియే. ఆ దినములకని ముదురురంగు చీరలు వేరుగా నుంచుకొని, బస్సులో సీటునుండి లేచునపుడెల్ల వెనుదిరిగి చూచుకొను స్త్రీకి ఈ లక్షణములను వేరుగా వివరింప నవసరము లేదు.

ఒక మిల్లీలీటరు రక్తముతో సుమారు అర మిల్లీగ్రాము ఇనుము వెలికి పోవును. అనగా 40 మిల్లీలీటర్లు పోవునామె నెలకు 20 మిల్లీగ్రాములు కోల్పోవగా, 160 మిల్లీలీటర్లు పోవునామె 80 మిల్లీగ్రాములు కోల్పోవుచున్నది. ఇదిగాక చర్మము, ప్రేగుల పొరలు రాలుటవలన దినమునకు ఇంచుమించు ఒక మిల్లీగ్రాము అందరికిని పోవుచునే యుండును. ఇక రాబడి చూడుడు: మన ప్రేగులు భోజనమునుండి దినమున గ్రహించునది సామాన్యముగా ఒకటి రెండు మిల్లీగ్రాములే. కావున హెచ్చుగా పోవునామె, ఎంత శ్రద్ధగా భుజించినను, నెలనెలకు లోటు పడుచునే యుండును.

ఆ లోటు మొదట రక్తపరీక్షలో కానరాదు. ఫెరిటిన్ అను రూపమున కాలేయాదులయందు నిలువయున్న ఇనుమును దేహము తీసి వాడుకొనును. గాదె అడుగంటువరకు ఇంట వంట యథాప్రకారము సాగినట్లు, ఆ నిలువ తీరువరకు హిమోగ్లోబిన్ 12 గ్రాముల దగ్గరనే నిలిచి యుండును. ఈ హేతువుచేతనే, “రక్తం బాగానే ఉందమ్మా” యని చెప్పించుకొని యింటికి వచ్చిన స్త్రీ, మేడమెట్లెక్కి ఆయాసపడుచు, దువ్వెన నిండ రాలిన జుట్టును చూచి దిగులుపడుచు, రాత్రులందు కాళ్ళు లాగి నిద్రపట్టక, ఇదంతయు తన సోమరితనమేమో యని తన్ను తానే నిందించుకొనుచుండును. ఫెరిటిన్ మిల్లీలీటరుకు 15 నానోగ్రాములకంటె తగ్గినచో నిలువలు తీరినవని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణము. 30కి తగ్గినపుడే పెక్కుమంది వైద్యులు చికిత్స ఆరంభింతురు. హిమోగ్లోబిన్ పరీక్ష వ్రాయునపుడు ఫెరిటిన్ కూడ వ్రాయుమని అడుగుటకు ఏ స్త్రీయు సంకోచింప నక్కరలేదు.

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో రక్తహీనత కలవారు ఆంధ్రప్రదేశమున నూటికి 58.8, తెలంగాణమున 57.6 అని తేలినది. దీనికంతకును నెలసరియే కారణమనుట సరికాదు. చాలీచాలని ఆహారము, కొంకిపురుగులు, వెంటవెంట కాన్పులు, తలసీమియా వంటి వంశపారంపర్య లక్షణములు కూడ కలవు. కాని ఒంట్లో రక్తము తక్కువగా నున్నదని వచ్చిన స్త్రీకి టానిక్కు వ్రాసియిచ్చి, నెలసరి మాట యెత్తకయే పంపివేయుట, పోవుదారి మూయక నింపబూనుట వంటిది. అట్టి చికిత్స సగపు చికిత్స.

ఇనుము ఔషధమని యెరుగుట నేటిది కాదు. పాండురోగమునకు మన ఆయుర్వేద వైద్యులు లోహభస్మమును, మండూరమును వాడుచు వచ్చిరి. పాలిపోయి నీరసించిన పడుచుపిల్లల చికిత్సకై ఫ్రాన్సు వైద్యుడు పియర్ బ్లో 1832లో ప్రచారమునకు తెచ్చిన ఇనుప లవణపు మాత్రలు ఐరోపాలో ఆ శతాబ్దమంతయు వాడుకలో నుండెను. నేడు పాఠశాలలలో పదేండ్లు మొదలు పందొమ్మిదేండ్ల పిల్లలకు వారమునకొకటి చొప్పున ఇచ్చు నీలిరంగు మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లము కలదు. ఆ ఫోలిక్ ఆమ్లమును 1940వ దశకమున అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమముగా తయారుచేసిన బృందమునకు సారథ్యము వహించినవాడు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. తెలుగు పిల్లలు ఆ మాత్రను మ్రింగక కిటికీ వెలుపల పారవేయుచున్నారని విన్నపుడు మనస్సు చివుక్కుమనును. అయితే ఒక్క సంగతి: ఆ వారపు మాత్ర లోటు రాకుండ కాపాడుటకే గాని, వచ్చిన లోటును పూడ్చుటకు చాలదు.

ఆహార విషయమున మనవారికి భ్రమలు మెండు. ఎర్రగా నుండునని బీట్‌రూట్ రసమును, దానిమ్మ గింజలను రక్తవృద్ధికరములని నమ్ముచున్నారు. అవి తినదగినవే గాని, వానియందలి ఇనుము స్వల్పము. ఖర్జూరము, బెల్లము కొంత మేలు చేయును, అంతే. పప్పుధాన్యములు, తోటకూర, మునగాకు, నువ్వులు, రాగులు ఇంతకన్న అక్కరకు వచ్చును. అయినను శాకములందలి ఇనుమును ప్రేగులు గ్రహించుట కొలదిపాటియే. మాంసము, కాలేయము, చేపలయందలి ఇనుము దానికంటె సులువుగా ఒంటబట్టును. స్త్రీకి దినమునకు 29 మిల్లీగ్రాముల ఇనుముగల ఆహారము కావలెనని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ నిర్దేశించుటకు కారణము, అందులో అత్యల్పభాగమే దేహమున చేరుటయే. పప్పులో నిమ్మరసము పిండుకొనుట, భోజనానంతరము జామకాయో బత్తాయియో తినుట ఆ భాగమును పెంచును. భోజనము ముగియగనే త్రాగు కాఫీ, టీలు దానిని తగ్గించును. వానికిని భోజనమునకును గంటకు తక్కువ కాని యెడ ముండవలెను. మన పూర్వులు పులుసుకూర లుడికించిన ఇనుప మూకుడును మరల పొయ్యి యెక్కించినను మంచిదే, ఏలయన పులుపు తగిలినపుడు ఆ పాత్రనుండి కొంత ఇనుము కూరలోనికి దిగును. ఇన్ని చేసినను, నిలువలు తీరిపోయిన స్త్రీకి ఆహార మొక్కటియే చాలునని చెప్పుట ఆమెను మోసగించుటయే. ఆమెకు మాత్ర కావలెను.

ఆ మాత్రను వాడుటలోనే తరచుగా పొరపాటు జరుగుచున్నది. పాలతోగాని, కాల్షియం మాత్రతోగాని, కాఫీతోగాని కలిపి మ్రింగినచో ఇనుము చాలవరకు వ్యర్థము. పరగడుపున నిమ్మరసముతో పుచ్చుకొనుట మేలు. వికారము పుట్టినచో కొద్దిగా తిని పుచ్చుకొనవచ్చును, మానివేయుటకన్న అది నయము. మలము నల్లబడును, అందులకు భయపడ నక్కరలేదు. ఇనుము మోతాదు పడగనే కాలేయము హెప్సిడిన్ అను హార్మోనును విడిచి, ఒక దినముపాటు ప్రేగులు ఇనుమును గ్రహించుటను మందగింపజేయుననియు, కావున దినము విడిచి దినము వేసికొన్న మాత్రలో హెచ్చుభాగము ఒంటబట్టుననియు జూరిక్ నగరమున జరిగిన పరిశోధనలు తెలిపినవి. మాత్ర పడక మలబద్ధముతో, కడుపునొప్పితో బాధపడువారు ఈ పద్ధతిని గూర్చి వైద్యుని సంప్రదింపవలెను. మాత్రలు సరిగా పనిచేసినచో నెలలోపల హిమోగ్లోబిన్ ఒకటి రెండు గ్రాములు పెరుగును. పెరిగినదిగదా యని అంతటితో ఆపరాదు. నిలువలు నిండుటకు మరి మూడు నెలలు వాడవలెను. మాత్రలు సరిపడనివారికి, లోటు తీవ్రముగా నున్నవారికి నరము ద్వారా ఎక్కించు ఇనుము కలదు. ఇంటిలో చిన్నపిల్లలున్నచో మాత్రల డబ్బాను వారికందని చోట దాచవలెను; మిఠాయి యనుకొని నాలుగైదు మ్రింగిన పసివానికి అది ప్రాణాపాయము.

ఇనుము నింపుచునే, అది పోవుటకు కారణము వెదకవలెను. రజస్వలయైన తొలి యేండ్లలోను, ముట్లుడుగు కాలము సమీపించినపుడును అండము సక్రమముగా విడుదల కాకపోవుటచే స్రావము హెచ్చుచుండును. నడివయస్సున గర్భసంచిలో గడ్డలు, పాలిప్‌లు కారణము కావచ్చును. థైరాయిడ్ లోపము, కొందరిలో కాపర్-టి, రక్తము పలుచబరచు మందులు కూడ కావచ్చును. మనవారు దాదాపు తలపనైన తలపని కారణ మింకొకటి కలదు: రక్తము గడ్డకట్టుటయందు పుట్టుకతో వచ్చిన లోపము. ఫిన్లండు వైద్యుడు ఎరిక్ ఫాన్ విల్లిబ్రాండ్ 1926లో తన పేరిట ప్రసిద్ధమైన వ్యాధిని వర్ణించుటకు హేతువైన ద్వీపవాసి బాలిక, తరువాతి కాలమున తన నాలుగవ నెలసరిలోనే రక్తస్రావముచే మరణించినది. తొలి ముట్టునుండియు విపరీతముగా పోవుచున్న పిల్లకు, మాటిమాటికి ముక్కునుండి రక్తము కారుట, పన్ను తీయించినపుడు ఆగకుండుట, ఊరకయే ఒంటిపై కమిలిన మచ్చలు తేలుట కూడ నున్నచో, ఈ లోపమును కనుగొను పరీక్షలు చేయింపక “వయసు వస్తే అదే తగ్గుతుందిలే” యని కాలము గడుపరాదు.

చికిత్స మార్గములు నేడు పెక్కులు. జపాను వైద్యశాస్త్రజ్ఞురాలు ఉతాకో ఒకామోతో, ప్రసవానంతరము రక్తము పోయి మరణించు తల్లులను రక్షింపవలెనను సంకల్పముతో, భర్త షొసుకే ఒకామోతోతో కలిసి శ్రమించి 1962లో ప్రకటించిన ట్రానెగ్జామిక్ ఆమ్లము, హెచ్చుగా పోవు నాలుగైదు దినములు మాత్రమే వేసికొనిన చాలును. అది హార్మోను కాదు, పెక్కుమందిలో స్రావమును సగమువరకు తగ్గించును. రక్తనాళములలో గడ్డలు కట్టిన చరిత్ర గలవారు మాత్రము దీనిని వాడరాదు. నొప్పికై వాడు మెఫినమిక్ ఆమ్లము కూడ స్రావమును కొంత తగ్గించును. హార్మోను మాత్రలు మరియొక మార్గము. వీనియన్నిటికంటె శక్తిమంతమైనది, లెవోనార్జెస్ట్రెల్ అను హార్మోనును కొంచెము కొంచెముగా విడుచుచు గర్భసంచిలో ఏండ్ల తరబడి నిలుచు చిన్న సాధనము. చూపులకు కాపర్-టి వలె నుండుటచే, కాపర్-టితో బాధపడిన స్త్రీలు దీని పేరు వినగనే వలదందురు. అది స్రావమును హెచ్చింపగా ఇది నూటికి తొంబదిపాళ్ళవరకు తగ్గించునని వారికి విడమరచి చెప్పువారు లేకపోవుట విచారకరము. తొలి నెలలలో అప్పుడప్పుడు కొద్దికొద్దిగా కనబడుట సహజమని ముందుగా తెలియజెప్పినచో వారు బెదరరు.

ఇన్ని మార్గములు తెరచియుండగా, తెలుగునాట తొందరపడి త్రొక్కుచున్న దారి వేరు. పైన చెప్పిన 2019-21 నాటి సర్వే ప్రకారము 49 ఏండ్లలోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమంతట నూటికి మువ్వురు కాగా, ఆంధ్రప్రదేశమున, తెలంగాణమున ఎనమండుగురికి పైగా నున్నారు. దేశములో అగ్రస్థానము మనదే. అధిక స్రావమో నొప్పియో కారణమని చెప్పినవారే సగమునకు పైబడిరి. కూలికి పోయిననే పొయ్యి వెలుగు ఆడుమనిషి, నెలకు వారము దినములు పని పోగొట్టుకొనలేక, పిల్లలు పుట్టిరిగదా, ఇక దానితో పనియేమని తీయించుకొనుచున్నది. ఆమెను తప్పుపట్ట మనసొప్పదు. స్కానులో చిన్న గడ్డ కానవచ్చినంతనే క్యాన్సర్ అగునని బెదరించువారి మాట వేరు: గర్భసంచిలో వచ్చు ఫైబ్రాయిడ్ గడ్డలు దాదాపుగా ఎన్నడును క్యాన్సర్లు కావు. అండాశయములను కూడ తీసివేసినచో ముప్పది యయిదేండ్లకే ముట్లుడిగి, ఎముకలు గుల్లబారుట, గుండెజబ్బు త్వరపడుట వంటి కష్టములు వెన్నాడును. అనవసరపు గర్భసంచి శస్త్రచికిత్సలను అరికట్టుటకు కేంద్రము రూపొందించిన మార్గదర్శకములను అమలుజేయుడని సర్వోన్నత న్యాయస్థానము 2023 ఏప్రిలులో రాష్ట్రముల నాదేశించినది. శస్త్రచికిత్స నిజముగా అవసరమైనవారు లేకపోలేదు; తక్కిన చికిత్సలు ఫలింపనపుడు అదియే ప్రాణదానము. కాని అది కడపటి మెట్టు.

నలుబది యయిదేండ్లు దాటిన పిదప క్రొత్తగా స్రావము హెచ్చినను, నెలసరుల నడుమ కనబడినను, ముట్లుడిగిన పిమ్మట ఒక్క చుక్క కనబడినను ఆలస్యము చేయక పరీక్షింపజేసికొనవలెను. గంట కొక ప్యాడ్ తడియుచు కళ్ళు తిరిగి పడిపోవుచున్నచో అది ఆ పూటకాపూట ఆసుపత్రికి పోవలసిన స్థితి.

తక్కిన సోదరీమణులు ఈ నెలనుండియే క్యాలెండరుపై మొదలైన దినమును, ఆగిన దినమును, దినమునకు మార్చిన ప్యాడ్ల లెక్కను, గడ్డలు పడినచో ఆ సంగతిని వ్రాసి యుంచుడు. మూడు నెలల లెక్కతో వైద్యురాలి కడకు పోయి, ఫెరిటిన్ ఎంత యున్నదని అడుగుడు. గర్భసంచి తీయవలెనని చెప్పినచో, అంతకు ముందు వాడి చూడదగిన మందు లేవి మిగిలియున్నవని అడుగుడు. భర్తలారా, మీరును వెంట పోయి ఆ జవాబును శ్రద్ధగా వినుడు.