వార్తల్లో పదం: నెగోషియేటింగ్ యూనియన్

కార్మికుల తరఫున యాజమాన్యంతో చర్చలు జరిపే హక్కు ఉన్న సంఘం ఇది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో ఈ మాట ఉంది.

సంఘం పెట్టడం వేరు, గుర్తింపు పొందడం వేరు. రిజిస్ట్రేషన్‌కు కనీసం ఏడుగురు సభ్యులు దరఖాస్తు చేయాలి. సంస్థలోని కార్మికుల్లో 10 శాతం లేదా 100 మంది, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుగా ఉండాలి. ఒకే చోట పలు సంఘాలుంటే, మస్టర్ రోల్‌లో (కార్మికుల హాజరు పట్టికలో) ఉన్నవారిలో కనీసం 51 శాతం మద్దతున్నదే ఏకైక నెగోషియేటింగ్ యూనియన్. ఎవరికీ అంత బలం లేకపోతే, 20 శాతానికి తగ్గని మద్దతున్న సంఘాలతో కౌన్సిల్ ఏర్పాటవుతుంది.

అసలు చిక్కు మస్టర్ దగ్గరే. సిద్దిపేట, దుబ్బాక ప్రాంతాల్లో బీడీలు చుట్టే ఆడవాళ్లు కార్ఖానా నుంచి తునికాకు, తంబాకు తెచ్చుకుని ఇంట్లోనే పని చేస్తారు. కూలి వెయ్యి బీడీల లెక్కన. ఇంట్లో చుట్టేవారూ ఉద్యోగులేనని 1966 నాటి బీడీ కార్మికుల చట్టమే చెప్పింది. అయినా మధ్యలో టేకేదారు (కాంట్రాక్టరు) ఉన్నచోట కొందరి పేర్లు మస్టర్‌కు ఎక్కవు. పేరు లేని మనిషి మద్దతు ఏ శాతంలోకీ రాదు. ఇది అన్యాయం.

అందుకే బీడీలు చుట్టే ప్రతి అక్కా తన గుర్తింపు కార్డు, పీఎఫ్ నంబరు అడిగి తీసుకోవాలి. సంఘాలు కూడా సభ్యత్వ రసీదుకన్నా ముందు ఆ పని చేయించాలి.