మెట్ట చేల పండగ విందు

సజ్జ రొట్టె, రాగి సంగటి, నాటుకోడి పులుసు, బొబ్బట్లు... ఈ సంక్రాంతికి పశ్చిమ ప్రకాశం వంటలతోనే కంచం నింపుదాం.

నల్లమల అంచునున్న మార్కాపురం, గిద్దలూరు పల్లెల్లో ఒకప్పుడు వరి అన్నం అంటే పండగే. కంభం చెరువు కింద మాగాణి ఉన్నవాళ్లను మినహాయిస్తే, మెట్ట రైతు ఇంట జొన్న, సజ్జ, రాగి, కొర్రలే రోజువారీ తిండి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చాక పేదింట్లోనూ రోజూ అన్నం ఉడికింది. ఎన్నో కడుపులు నింపిన మార్పు అది. అయితే ఆ తర్వాత సంగటి తెడ్డు, రొట్టె పెనం మూలకు చేరాయి. అన్నం రోజూ తింటున్నాం కనుక, పండగకు ప్రత్యేకంగా వండుకోవలసినవి ఇప్పుడు ఆ సంగటి, రొట్టెలే.

1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా ఈ తాలూకాలు కర్నూలు జిల్లాలోనివి. ఇక్కడి వంటింట్లో రాయలసీమ రుచి అందుకే.

భోగికి నువ్వుల సజ్జ రొట్టె

సజ్జ పిండి అప్పుడే పట్టించినదై ఉండాలి. నిల్వ ఉంటే చేదెక్కుతుంది. మరిగే నీళ్లు కొద్దికొద్దిగా పోసి, అరచేత్తో బాగా మర్దించాలి. ముద్దను తట్టి, పైన నువ్వులు అద్ది, కాలిన పెనం మీద వేసి, తడిబట్టతో పైభాగం తుడిచి తిప్పాలి. తోడుగా గుమ్మడికాయ కూర, చిక్కుడుకాయ వేపుడు.

సంగటి, నాటుకోడి పులుసు

నానబెట్టిన గ్లాసు బియ్యాన్ని ఐదు గ్లాసుల నీళ్లలో మెత్తగా ఉడికించి, గ్లాసున్నర రాగి పిండి కుప్పగా పోయాలి. కలపకుండా మూతపెట్టి, సన్నటి సెగ మీద పది నిమిషాలు మగ్గనిచ్చి, అప్పుడు తెడ్డుతో ఉండలు లేకుండా గెలకాలి. తడిచేత్తో ముద్దలు కట్టాలి.

పులుసుకు ధనియాలు, గసగసాలు, ఎండుకొబ్బరి, చెక్క, లవంగాలు వేయించి నూరుకోవాలి. ఉల్లిపాయలు ఎర్రబడ్డాక అల్లంవెల్లుల్లి, పసుపు, ఉప్పు, కారం పట్టించిన ముక్కలు వేసి నూనెలో మగ్గించాలి. నీళ్లు పోసి ఉడికించి, చివర్లో మసాలా కలపాలి. నాటుకోడి గట్టి మాంసం. గంటసేపు నిదానంగా ఉడికితేనే రసం ముక్కకు పడుతుంది. సంగటి ముద్ద మునగాలి కనుక పులుసు పలచగానే ఉండాలి.

బొబ్బట్లు, ఆ పప్పునీళ్ల చారు

పావుకిలో శనగపప్పు పలుకు లేకుండా ఉడికించి, నీళ్లు పూర్తిగా వార్చి, అంతే బెల్లంతో రుబ్బాలి. పూర్ణం జారితే పొయ్యి మీద కాసేపు దగ్గరకు రానిచ్చి, యాలకుల పొడి కలపాలి. గోధుమపిండిని నీళ్లు, నూనెతో మెత్తగా కలిపి రెండు గంటలు నాననిస్తే, పూర్ణం పెట్టి తట్టినప్పుడు బొబ్బట్టు చిరగదు. కాల్చేటప్పుడు నెయ్యికి వెనకాడకండి. వార్చిన నీళ్లు పారబోయకండి. చింతపండు రసం, చెంచా పూర్ణం, మిరియాలు, జీలకర్ర వేసి మరిగించి తాలింపు పెడితే మంచి చారు.

ఈ వంటల్లోని సజ్జలు, రాగులు వరికి పట్టే నీటిలో కొంతతోనే పండుతాయి. వాన మొహం చాటేసే ఈ నేలకు అవి నమ్మకమైన పైర్లు. తినేవాళ్లుంటేనే రైతు వాటిని విత్తుతాడు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. మనం మాత్రం ఏటా సంక్రాంతి సరుకుల చీటీలో సజ్జలు, రాగులు రాసుకుందాం. పిండి పట్టించి, రొట్టె తట్టడం పెద్దల దగ్గర పిల్లలకు నేర్పిద్దాం.