రోగి చాచిన చేయి

వైద్యశాలలో ప్రతి ఉదయమును జరుగు పనులలో రోగి చేతినుండి నెత్తురు తీయుట మిక్కిలి చిన్నదిగా తోచును. అది రెండు మూడు నిమిషములలో ముగియును. కాని ఆ చిన్నపనిలో మువ్వురి క్షేమము ఇమిడియున్నది: చేయి చాచిన రోగిది, సూది పట్టినవారిది, పిమ్మట ఆ గదిని ఊడ్చి శుభ్రపరచువారిది. ఈ మువ్వురిలో నెవ్వరికిని హాని కలుగకుండ ఆ పని యెట్లు జరుగవలయునో నేడు మనవి చేసెదను.

మొదట అడుగవలసినది పేరు. “మీరు సుబ్బారావుగారేనా?” అని అడిగినచో నిద్రమత్తులో నున్నవారును, చెవులు సరిగా వినబడనివారును ఔనని తల యూపుదురు. “మీ పేరేమండీ? ఇంటిపేరేమి? వయస్సెంత?” అని అడిగి, వారి నోటనే చెప్పించి, చీటీతో సరిచూడవలెను. ఒకే వార్డులో ఇద్దరు సుబ్బారావులుండుట మనలో వింత గాదు. నెత్తురు తీసిన వెంటనే, రోగి ప్రక్కనుండి కదలకముందే, గొట్టముపై పేరు అంటింపవలెను. 1901లో కార్ల్ లాండ్‌స్టైనర్ ప్రకటించిన పరిశోధనవలన మనుష్యుల రక్తము వేర్వేరు వర్గములకు చెందునని లోకమునకు తెలిసినది. ఒకరి నెత్తుటిపై మరియొకరి పేరు పడి, సరిపడని రక్తము నెక్కించినచో ప్రాణమే పోవచ్చును. సూదిపోటు బాధ క్షణకాలము. పేరు తప్పినందువలని కీడు ఆజన్మాంతము.

రెండవది రోగి సమ్మతి. ఏ పరీక్షకొరకు, ఎంత నెత్తురు తీయుదురో ముందుగా చెప్పవలెను. “ఉన్న నెత్తురంతయు తోడివేయుచున్నారు” అని భయపడువారు పెక్కురు గలరు. పెద్దవారి శరీరమున సుమారు 5 లీటర్ల రక్తముండును. ఒక గొట్టమునకు పట్టునది సాధారణముగా 5 మిల్లీలీటర్లకు మించదు. అనగా వేయింట నొక పాలు. ఈ లెక్క చెప్పినచో భయము తీరును. కాని 3 కిలోల పసికందునకు ఒడలిలో నున్నదే సుమారు పావు లీటరు. అక్కడ ప్రతి చుక్కయు లెక్కింపదగినదే. అనవసరముగా ఒక్క చుక్కయు తీయరాదు.

ఏ పరీక్షయో తెలియక చాచిన చేయి సమ్మతికి గుర్తు గాదు. హెచ్.ఐ.వి. పరీక్షకు ముందు రోగికి తెలిపి సమ్మతి పొందవలెననియు, ఫలితమును గోప్యముగా నుంచవలెననియు మన దేశమున 2017లో చేసిన చట్టము విధించుచున్నది. రోగి వలదన్నచో కారణ మడిగి వైద్యునికి తెలుపవలెనే కాని, గద్దించుటయు, చేయి పట్టి బలవంతముగా పొడుచుటయు తగదు.

ఇక పని విధానము. చేతులు కడుగుకొని, తొడుగులు ధరించి, రోగిని కూర్చుండబెట్టియో పరుండబెట్టియో, మునుపెన్నడైన నెత్తురు చూచి సొమ్మసిల్లిరా యని అడుగవలెను. రబ్బరు పట్టీని సూది గ్రుచ్చు చోటికి నాలుగైదు వ్రేళ్ల వెడల్పు పైగా కట్టవలెను. దానిని 1 నిమిషమునకు మించి బిగించి యుంచినచో నెత్తురు చిక్కబడి పరీక్షాఫలితమే తారుమారగును. 70 శాతము ఆల్కహాలుతో చర్మమును తుడిచి ఆరనిచ్చి, పిదప ఆ చోటును వ్రేలితో ముట్టరాదు. రెండుసార్లు యత్నించియు నరము దొరకనిచో, పట్టుదలకు పోక మరియొకరిని పిలుచుట మర్యాద.

ఒకప్పుడు గాజు సిరంజిని, సూదిని నీట మరగించి మరల మరల వాడెడివారు. నేడట్లు గాదు, ఒక రోగికి ఒక సూది, ఒక్కసారియే. వాడిన సూదికి మూత తిరిగి తొడుగుటకు యత్నించుటవలననే పెక్కు గాయములు కలుగుచున్నవి. కావున దానిని వెంటనే, చేతికందు దూరముననున్న చిల్లుపడని పెట్టెలో వేయవలెను. చెత్తబుట్టలో విసరిన సూది మరునాడు ఊడ్చువాని వ్రేలికే గ్రుచ్చుకొనును. రోగి నెత్తురంటిన సూది గ్రుచ్చుకొనినచో, టీకా వేసికొననివారికి హెపటైటిస్ బి సోకు అవకాశము నూటికి 30 వరకు నుండవచ్చును, హెచ్.ఐ.వి. విషయమున వేయింటికి సుమారు 3. గాయమును పిండక, సబ్బుతోను నీటితోను కడిగి, దాపక వెంటనే వైద్యునికి చెప్పవలెను. హెచ్.ఐ.వి. సోకకుండ నిచ్చు మందును 72 గంటలలోగా, ఎంత త్వరగా నైన నంత మేలుగా, ఆరంభింపవలెను. హెపటైటిస్ బి టీకా ముందే వేయించుకొనుట ఈ పనివారందరికిని అవశ్యము.

శ్రోతలారా! ఈ సంగతులు వైద్యశాలవారికే గాక మీకును తెలిసియుండుట మేలు. రక్తము పలుచబరచు మందులు వాడుచున్నచో ముందే చెప్పుడు. క్రొత్త సూదిని మీ యెదుటనే విప్పుమని అడుగుడు; అది అవమానించుట గాదు, మీ హక్కు. మీ పేరడుగకయే సూది పట్టినచో, చేయి చాచుటకు ముందు మీ పేరు మీరే స్పష్టముగా చెప్పుడు.