ఏసీకి ఏటా గ్యాసెందుకు?

చల్లని ఊరని పేరున్న మా మదనపల్లెలోనూ ఏసీ కొనక తప్పలేదు. రెండేళ్లు దాన్ని పట్టించుకోలేదు. తర్వాత గది చల్లబడటం మానేసింది, కరెంటు బిల్లు మాత్రం పెరిగింది. "గ్యాస్ అయిపోయిందమ్మా" అంటూ మెకానిక్ నింపి వేలు తీసుకున్నాడు. మరుసటి ఏడూ అదే పాట!

కుప్పంలో ఉండే మా వదినతో చెప్తే, "గ్యాసేమన్నా పెట్రోలా, వాడేకొద్దీ అయిపోయేదానికి? ఎక్కడో లీకుంటుంది, ముందు అది చూపించు" అనింది. పుంగనూరు నుంచి వేరే మెకానిక్‌ని పిలిపించాం. రాగి గొట్టం అతుకు దగ్గర సబ్బు నురగ పూస్తే బుడగలొచ్చాయి. లీకు మూశాకే గ్యాస్ నింపాడు.

ఇప్పుడు పదిహేను రోజులకోసారి స్విచ్ ఆపి, ఫిల్టరు నేనే కడిగి నీడన ఆరబెడుతున్నాను. దానికి పైసా ఖర్చు లేదు. వేసవికి ముందు ఒక్క సర్వీసింగ్ చాలు.

మీరూ గ్యాసుకు డబ్బిచ్చే ముందు "లీకెక్కడ?" అని అడగండి.