పెద్దల ఎముకలకు ఇల్లే ఊత

మూడు సంవత్సరాల క్రిందట కార్తిక మాసంలో ఒకనాటి తెల్లవారుజామున మా అమ్మగారు తులసికోట వద్ద దీపం వెలిగించి లోనికి వస్తూ గడప దగ్గర జారిపడ్డారు. ఎత్తు నుండి పడలేదు. నిలుచున్న చోటనే కూలబడ్డారు. అయినా మణికట్టు విరిగింది. ఇంత చిన్న పాటుకే ఎముక విరిగిందంటే దాని బలాన్ని పరీక్షించవలసిందేనని వైద్యులు డెక్సా పరీక్ష చేయించారు. ఎముకలు గుల్లబారాయని, ఈ వ్యాధినే ఆస్టియోపోరోసిస్ అంటారని అప్పుడు తెలిసింది.

ఎముక రాయి వంటిది కాదు. జీవితాంతం పాత ఎముక కరుగుతూ, కొత్తది ఏర్పడుతూ ఉంటుంది. వయస్సు పైబడిన కొలదీ కరిగేది ఎక్కువై, ఏర్పడేది తక్కువవుతుంది. స్త్రీలలో ముట్లుడిగిన తరువాత ఈస్ట్రోజెన్ తగ్గడం వలన ఈ క్షయం త్వరపడుతుంది. పురుషులకూ ఈ వ్యాధి వస్తుంది. ఎముక విరిగేవరకు సాధారణంగా నొప్పి ఉండదు కనుక చాలామంది గుర్తించలేరు. మణికట్టు, వెన్నుపూసలు, తుంటి తరచుగా విరిగే చోట్లు.

భయంతో అన్నయ్య, నేను ఒక పొరపాటు చేశాము. పూజ వద్దన్నాము, వంట వద్దన్నాము, గుడికి అసలే వద్దన్నాము. రెండు నెలలలో అమ్మగారు మంచం పట్టినవారివలె అయ్యారు. కదలిక లేకపోతే కండరాలు, ఎముకలు మరింత బలహీనపడతాయని, పెద్దలను కూర్చోబెట్టడం రక్షణ కాదని మాకు వ్యాయామ చికిత్సకులు బోధించారు. ఆమెను ఆపవద్దు, ఇంటిని మార్చండి అన్నది వారి సలహా. నేను తెలుసుకున్న సంగతులు భక్తులకు ఉపయోగపడతాయని వ్రాస్తున్నాను.

మొదట స్నానపు గది. తువ్వాలు వేసే కడ్డీ మనిషి బరువును ఆపదు. గోడకు రంధ్రం చేసి గట్టిగా బిగించిన ఉక్కు పట్టుకడ్డీలు మరుగుదొడ్డి ప్రక్కన, స్నానం చేసే చోట ఉండాలి. నేలమీది మరుగుదొడ్డి అయితే దానిపై అమర్చే కమోడ్ కుర్చీ దొరుకుతుంది. రబ్బరు కాళ్ల కుర్చీపై కూర్చుని స్నానం చేయడం క్షేమం. నిండు బకెట్టు ఎత్తకూడదు. కుళాయి క్రిందనే ఉంచి చెంబుతో పోసుకోవాలి.

వెన్నుపూసలకు ముందుకు వంగి బరువెత్తడం పెద్ద శత్రువు. అందుకే పొడవాటి కర్రగల చీపురు, తడిగుడ్డ కర్ర కొన్నాము. క్రింద పడిన వస్తువును నిలుచుండి తీసుకొనే పొడవాటి పట్టుకర్ర మందుల దుకాణాలలో, వైద్య పరికరాలు అమ్మేచోట లభిస్తుంది. నిత్యం వాడే పప్పుల డబ్బాలు, గిన్నెలు నడుముకు, భుజానికి మధ్య ఎత్తులో పెట్టాము. అటక మీది వస్తువు కోసం స్టూలు ఎక్కడం పూర్తిగా మాన్పించాము.

పూజామందిరాన్ని బల్ల ఎత్తుకు లేపి, ఎదుట చేతులున్న గట్టి కుర్చీ వేశాము. దీపపు కుందె క్రింద పళ్లెం పెట్టాము. నేలపై పడిన నూనె చుక్క నీటికంటె ఎక్కువ జారుస్తుంది. నేలమీది వదులు పట్టాలు తీసివేశాము. మంచం నుండి స్నానపు గది వరకు రాత్రి చిన్న దీపం వెలుగుతుంది. చీర కుచ్చిళ్లు పాదాల క్రిందకు రాకుండా కాస్త ఎత్తుగా కట్టుకుంటున్నారు. వాకిట ముగ్గు ఇప్పుడు నేను వేస్తాను. చుక్కలు ఆమె చెబుతారు.

చేతికర్ర దగ్గరే వాదం వచ్చింది. "కర్ర పట్టుకుంటే ముసలిదాన్నయిపోయానని లోకమంతా అంటుందే" అన్నారు. నా మాటలేవీ ఆమెను ఒప్పించలేదు. ఒక సాయంత్రం కర్రతో వీధి చివరి గుడి వరకు వెళ్లి, ఎవరి చేయీ పట్టుకోకుండా తిరిగి వచ్చారు. ఆ తరువాత ఆ మాట అనలేదు. కర్రను ఊరకే కొనరాదు. పాదరక్షలతో నిటారుగా నిలిచి చేతులు వదిలినప్పుడు దాని పిడి మణికట్టు మడత దగ్గరకు రావాలి. బలహీనమైన కాలికి ఎదుటివైపు చేతితో పట్టుకోవాలి. అడుగు రబ్బరు అరిగితే వెంటనే మార్చాలి.

ఈ వస్తువులు మందులకు బదులు కావు. వైద్యులు చెప్పిన మందులు, కాల్షియం, విటమిన్ డి, తగిన వ్యాయామం కొనసాగవలసిందే. పాలు, రాగులు, నువ్వులు ఆహారంలో ఉండాలి.

యాత్రకు వచ్చే పెద్దలు చేతికర్రను, చిన్న టార్చిలైటును వెంట తెచ్చుకోవాలి. క్రింది అంతస్తులో కమోడ్ ఉన్న గదిని ముందుగానే అడగాలి. తడిసిన ప్రాంగణంలో, దీపాలు పెట్టే చోట మెల్లగా నడవాలి.

ఈ మాసంలో ఒకరోజు మీ ఇంటి పెద్దలతో కలిసి ఇల్లంతా నడవండి. వారు ఎక్కడ గోడ పట్టుకుంటున్నారో గమనించండి. పట్టుకడ్డీ కావలసింది అక్కడే. మా ఇంటి గడపను తొలగించలేదు. పసుపు కుంకుమలతో అలాగే ఉన్నది. ప్రక్కన ఒక కడ్డీ, పైన ఒక దీపం అమర్చాము. అమ్మగారు ఆ కడ్డీ పట్టుకొని ప్రతి ఉదయం తులసి దగ్గరకు వెళ్తున్నారు.